చిలుక కొరికిన జామకాయ

మా మేనత్తకు మనుషులతో ఓపిక తక్కువ. పప్పులో ఉప్పు ఒక రవ్వ ఎక్కువైతే మా అమ్మతో ఓపిక లేదు. జడ వేస్తున్నప్పుడు కదిలితే నాతో ఓపిక లేదు. చెప్పిందే చెప్పే ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో అయితే బొత్తిగా లేదు. దేవుడు ఆమె వంతుకు ఇచ్చిన ఓపికనంతా మూటగట్టి ఒక చిలుక మీద ఖర్చు పెట్టిందని అమ్మ ఎత్తిపొడిచేది. నేను అదే మాటను పొగడ్తగా రాస్తున్నాను. ఇన్నేళ్ళ బతుకులో ఒక పనిని అంత శ్రద్ధగా చేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అప్పుడు మా గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేది. కర్నూలే కొత్త రాష్ట్రానికి రాజధాని కావడంతో మా నాయన, ఆయన తోటి దుకాణదార్లు కొంచెం ఛాతీ విరుచుకునే తిరిగేవాళ్ళు. బజారులో నాయనకు దుకాణం ఉండేది. చింతపండు, బెల్లం, మిరపకాయలు, మార్కాపురం పలకలు అమ్మేవాడు. ఇల్లు దుకాణానికి రెండు వీధుల దూరం. అత్త ఆయనకు సొంత అక్క. బేస్తవారిపేటలో కాపురం చేసి, భర్త పోయాక పుట్టింటికి వచ్చింది. వచ్చి మూల కూర్చునే రకం కాదు. వారం తిరక్కముందే ఇంటి తాళంచెవులు ఆమె బొడ్లోకి చేరాయి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చెల్లెలికి మూడు నిండాయి. మాట రాలేదు. ఏడ్చేది, నవ్వేది, గొంతులోంచి ఏవేవో కూతలు తీసేది గానీ అమ్మా అని మాత్రం అనలేదు. నాలుక మందమని ఒకరు, మేనమామ పోలిక అని ఒకరు, తేనె నాకించమని ఒకరు. నాలుక కింద వసకొమ్ము అరగదీసి రాయని రోజు లేదు. నాయన పైకి ఏమీ అనేవాడు కాదు. దుకాణంలో ఎవరి చంటిబిడ్డ అయినా ముద్దుముద్దుగా మాట్లాడితే మాత్రం ఆ బిడ్డ చేతిలో బెల్లంముక్క పెట్టి మొహం తిప్పుకునేవాడట. ఆయనకు ఆ పిల్ల నోటి నుంచి నాయనా అనే పిలుపు వినాలని ఉండేది. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు.

మా వైపు ఒక నమ్మకం ఉంది. మాట ఆలస్యమైన పిల్లలకు చిలుక కొరికిన పండు తినిపిస్తే మాటలు వస్తాయంటారు. చెట్టు మీద ఏదో చిలుక కొరికి పారేసింది కూడా పనికొస్తుంది గానీ, ఇంట్లో పెరిగి నాలుగు మాటలు నేర్చిన చిలుక కొరికితే ఇంకా మేలట. దిగువమెట్ట వైపు అడవి అంచున గొర్రెలు మేపుకునే ఒకాయన మా దుకాణానికి సామాన్ల కోసం వచ్చేవాడు. నాయన ఆయనతో ఒక చిలుకపిల్లను తెమ్మని చెప్పాడు.

ఆయన తలగుడ్డలో చుట్టి తెచ్చిన ప్రాణిని చూసి నాకు వాంతి వచ్చినంత పనయింది. ఒంటి మీద ఈక లేదు. ఇంత తల, అంత పొట్ట, సగం మూసిన కళ్ళు. ఛీ అన్నాను. అత్త నా వైపు తిరిగి, "నువ్వు పుట్టినప్పుడు ఇంతకంటే అందంగా ఏం లేవులే" అంది. ఆ తర్వాత గొర్రెల కాపరి మీద పడింది.

"కండ్లన్నా తెరవని దాన్ని తెచ్చినావేంది? తల్లి నోటికాడిది గుంజుకొచ్చినట్టు గదా."

"అన్న అడిగినాడని తెచ్చినానక్కా. మళ్ళ తొర్రలో పెట్టి రమ్మంటే పెట్టొస్తా" అన్నాడాయన.

"మనిషి చెయ్యి తగిలినాక తల్లి రానిస్తదో రానియ్యదో. ఇట్లియ్యి" అని అత్త చెయ్యి చాచింది.

బేస్తవారిపేటలో వాళ్ళ అత్తగారు చిలుకలు పెంచేదట. కాపురంలో సుఖం సంగతి ఎట్లా ఉన్నా ఆ ఒక్క విద్య మాత్రం దక్కిందని నవ్వేది మా అత్త. వెడల్పు మూతి కుండలో పాత చీరముక్కలు పరిచి పిల్లను అందులో పెట్టింది. కుండను పొయ్యి వెచ్చదనం తగిలేట్టు, పొగ మాత్రం తగలకుండా గోడ వారగా ఉంచింది. శనగపప్పు నానబెట్టి, మెత్తగా నూరి, గోరువెచ్చని నీళ్ళలో కలిపి, ముందు తన మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసేది. తర్వాత చూపుడువేలి కొసతో దాని ముక్కుకు అందించేది. గొంతు కింద చిన్న సంచి ఉంటుంది, అది నిండుగా ఉబ్బితే చాలించాలి. మొదటి పదిహేను రోజులు గంట గంటన్నరకు ఒకసారి పెట్టాల్సి వచ్చింది. ఒక్క పూటైనా ఆమె పొరపాటున కూడా మరిచిపోలేదు. మాకు అన్నం వడ్డించడం ఆలస్యమైన రోజులు మాత్రం చాలా ఉన్నాయి.

ఈకలొచ్చాయి. భుజాల మీద ఎర్రమచ్చలు తేలాయి. అది అడవిలో తిరిగే పెద్ద చిలుక జాతి, మామూలు రామచిలుక కంటే బలమైన ముక్కు. వెదురు పంజరం తెస్తే రెండు రోజుల్లో పుల్లలు పుల్లలు చేసింది. అత్త కమ్మరి దగ్గర ఇనుప పంజరం చేయించింది. "రాత్రిపూట పిల్లి భయానికే పంజరం, పగలు దానికి అందులో పనేంది" అని తెల్లారగానే తలుపు తీసేసేది. రెక్కలు కత్తిరించమని చెప్పని మనిషి లేడు. ఎగిరిపోతే అంత కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే గదా అని అమ్మ కూడా అంది.

"రెక్కలు కోసినాక అది పోలేక ఉన్నట్టు. రెక్కలుండీ పోకపోతేనే మనకాడ ఉన్నట్టు" అంది అత్త. ఇక ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఉప్పు వేసిన ముద్ద, కాఫీ, నూనె సరుకు దానికి పెట్టకూడదు. కొర్రలు, నానిన శనగలు, పండుమిరప, జామకాయ పెట్టొచ్చు. ముక్కు అరగడానికి రోజూ ఒక వేపపుల్ల ఇవ్వాలి. మధ్యాహ్నం ఎండ తగ్గాక వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి పెడితే రెక్కలు కొట్టుకుంటూ స్నానం చేసి చుట్టుపక్కల వాళ్ళందరినీ తడిపేది. కరిస్తే చెయ్యి లాక్కోకూడదు, అరవకూడదు. మెల్లగా కింద దించి, వీపు చూపించి కూర్చోవాలి. దానికి అంతకంటే పెద్ద శిక్ష లేదని అత్త చెప్పింది. నాకు అప్పుడూ ఇప్పుడూ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకసారి అది నా వేలు కరిస్తే చాచి ఒకటి కొట్టాను. అత్త నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఎనిమిది రోజులు నన్ను దాని ఛాయలకు రానివ్వలేదు. తర్వాత మళ్ళీ నా చేతి మీదికి రావడానికి అది నెల తీసుకుంది. "కొట్టేది ఒక నిమిషం, కలుపుకునేది ఒక నెల. చూసినావా?" అంది.

నేర్పడంలో ఆమె పద్ధతి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒకసారికి ఒకే పని. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు, అంతే. చిలుకకు విసుగు పుట్టే ముందే ఆపేసేది. పుట్టాక ఆపితే మరుసటిరోజు రాదట. మధ్యాహ్నం పూట కూడా సాధన ఉండేది గానీ అది మూగ సాధన. నాయన అన్నానికి వచ్చి ఒక కునుకు తీసేవాడు. ఆ గంటసేపు ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. అందుకని అత్త ఆ వేళ నోటితో కాక చేతులతో నేర్పేది. అరచెయ్యి బోర్లా చాపితే రావాలి. పిడికిలి బిగిస్తే ఉన్నచోటే ఉండాలి. రెండు వేళ్ళు రుద్దితే గింజ ఉందని అర్థం. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్ళు. చూపులతోనే చిలుక అన్నీ పట్టేసేది. మెడ వంచి, ఒక కంటితో ఆమె చేతిని చూసి, దూలం మీద నుంచి చప్పుడు లేకుండా దిగి వచ్చేది. అటువైపు నాయన గురక. ఇటువైపు ఆమె చేతులు. అది చూడటానికి నేను బడి నుంచి మధ్యాహ్నం పరుగెత్తుకుంటూ వచ్చేదాన్ని.

చెల్లెలు ఎప్పుడూ అక్కడే ఉండేది. చిలుక ఎటు చూస్తే అటు చూసేది. అత్త చేతులు ఎట్లా ఆడిస్తే తనూ అట్లా ఆడించేది. అమ్మ నవ్వి, "చూడొదినె, నిన్నెట్ల ఎక్కిరిస్తాందో" అనేది.

ఏడాది దాటుతుండగా చిలుకకు మాట వచ్చింది. నేర్పింది అత్త కాదు, నాయన. రోజూ చీకటి పడే ముందు దుకాణం నుంచి వచ్చేటప్పుడు ఒక పండుమిరపకాయ చేతిలో పట్టుకుని వచ్చేవాడు. చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పంజరం ముందు కూర్చుని, "నాయనా అను... నాయనా" అని ఇద్దరికీ కలిపి చెప్పేవాడు. రెండింట్లో ఏదో ఒకటి అంటే దాన్ని చూసి రెండోది అంటుందని ఆయన ఆశ. ఒక సాయంత్రం నాయన గడప దాటగానే చిలుక అచ్చం ఆయన గొంతుతో "నాయనా" అంది. ఆయన మిరపకాయ ఇచ్చాడు. చెల్లెలి మొహంలోకి ఆశగా చూశాడు. చెల్లెలు చిలుకను చూసి చప్పట్లు కొట్టింది.

అయినా ఆయనకు ఒక ధైర్యం ఉండేది. ఆయన చెప్పుల చప్పుడు వీధి మలుపులో ఉండగానే చెల్లెలు లేచి వాకిట్లోకి పరుగెత్తేది. మాకెవరికీ వినిపించకముందే. నాయన అందరితో గర్వంగా చెప్పుకునేవాడు. "దానివి పాము చెవులు. మాట రాకపోతే ఏమాయె, వస్తది. వినేదంతా లోపల మూటగట్టుకుంటాంది" అనేవాడు.

చిలుకకు మాట వచ్చిన సంగతి వీధంతా తెలిసింది. ఇక చూడాలి తమాషా. మాట రాని పిల్లల్ని చంకన వేసుకుని ఆడవాళ్ళు మా అరుగు మీద బారులు తీరారు. ఒకరైతే చంద్రశేఖరపురం నుంచి బండి కట్టుకుని వచ్చారు. చేతిలో జామకాయో, అరటిపండో. చిలుక దాన్ని ఒక్కసారి కొరికితే చాలు, కళ్ళకద్దుకుని బిడ్డ నోట్లో పెట్టేవాళ్ళు. అత్తకు ఒళ్ళు మండేది. "చిలకేమన్నా డాక్టరా? దాని కడుపెంత, మీరు తెచ్చే కాయలెన్ని?" అని రోజుకు నాలుగు కాయలకు మించి కొరికించేది కాదు. ఆ వరుస చూసుకునే పని నాది. నా దర్జా అడగొద్దు.

విచిత్రం ఏమిటంటే, ఆ పిల్లలకు మాటలు వచ్చాయి. నెలకు ఒకరికి, రెండు నెలలకు ఒకరికి. ఎట్లాగూ వచ్చేవేనని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం చిలుక మహిమే అనుకున్నాం. వాళ్ళు బెల్లం అచ్చు, కొబ్బరికాయ పట్టుకొచ్చి పంజరం ముందు పెట్టి, ఆ పిల్లల చేత "అత్తా, అత్తా" అనిపించి చూపించేవాళ్ళు. మా చెల్లెలు ఆ బెల్లం అచ్చు పక్కనే కూర్చుని శనగలు ఏరుకునేది. ఎన్ని జామకాయలు తిన్నదో లెక్క లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే అదే. పెరటి చెట్టు మందుకు పనికిరాదు గదా అని ఒకావిడ సానుభూతిగా అంటే, అమ్మ వంటింట్లోకి వెళ్ళి ముక్కు చీదుకుంది. అత్త ఆవిడను ఆ పూటే అరుగు దింపేసింది.

చెల్లెలికి అయిదు నిండబోతున్నాయి. ఒక సాయంత్రం అత్త చిలుకకు కొత్త మాట నేర్పాలని పంజరం మీద దుప్పటి కప్పింది. కళ్ళకు ఏమీ కనబడకపోతే చెవి బాగా పనిచేస్తుందని ఆమె పద్ధతి. ఆ రోజు నాయన కొంచెం ముందుగా వచ్చాడు. దుప్పటి కింద నుంచి చిలుక "నాయనా" అని పిలిచింది. నాయన చెప్పులు విడిచి పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెల్లెలు గోడ వైపు తిరిగి మిరపతొడిమలు వరుసగా పేర్చుకుంటోంది. లేవలేదు. తల తిప్పనైనా లేదు.

నాయన చూడలేదు. నేనూ పట్టించుకోలేదు. అత్త చూసింది. రెండేళ్ళుగా ఒక పక్షి మెడ ఎటు తిరుగుతుంది, ఈక ఎప్పుడు నిక్కుతుంది, కంటిపాప ఎప్పుడు చిన్నదవుతుంది అని చూస్తూ బతికిన మనిషి ఆమె. ఆ చూపుకు అది దొరక్కుండా ఎట్లా ఉంటుంది?

తర్వాత నాలుగు రోజులు ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. తోడుకు నన్ను పెట్టుకుంది. చెల్లెలు ఆడుకుంటుంటే నన్ను వాకిలి బయటికి పంపి రాగిచెంబు బండ మీద వేయమనేది. పంజరం మీద దుప్పటి లేకుంటే చిలుక ఉలిక్కిపడేది, చెల్లెలు చిలుకను చూసి వెంటనే వాకిలి వైపు తిరిగేది. పంజరం మీద దుప్పటి ఉంటే చిలుక లోపల కెవ్వుమనేది, చెల్లెలు కదిలేది కాదు. దుప్పటి తీసి ఒకసారి, కప్పి ఒకసారి. నాలుగు రోజులూ అంతే. చెప్పుల చప్పుడు విని పరుగెత్తింది మా చెల్లెలు కాదు. చప్పుడు చిలుకకు వినిపించేది. అది రెక్కలు విదిలించి ఎగిరెగిరి పడేది. దాన్ని చూసి ఈ పిల్ల లేచేది.

నాలుగో రోజు అత్త పెరట్లో రుబ్బురోలు దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదలు. "రెండేండ్లు చిలక నోరు చూస్తా కూచున్నానే. బిడ్డ చెవి చూడలేకపోతి" అంది. నాకు భయమేసింది. పక్కన కూర్చుని ఆమె కొంగు పట్టుకున్నాను.

మరుసటి మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కున్న నాయనతో ఆమె చుట్టు తిప్పకుండా చెప్పింది. నాయన మొదట నవ్వాడు. పాము చెవులన్నాడు. తర్వాత కోపం వచ్చింది. "నా బిడ్డను చెవిటిదంటావా అక్కా? నీ నోటికి అడ్డం లేదా?" అన్నాడు. అత్త చిలుకను పంజరంలోకి ఎక్కించి, మీద దుప్పటి కప్పి, "పిలువు" అంది.

చెల్లెలు నడవలో అటు తిరిగి కూర్చుని ఉంది. నాయన "తల్లీ" అని మెల్లగా పిలిచాడు. కొంచెం గట్టిగా పిలిచాడు. ఆ తర్వాత వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా అరిచాడు. చెల్లెలు తొడిమ మీద తొడిమ పేర్చుతూనే ఉంది. దుప్పటి కింద నుంచి చిలుక బదులు పలికింది, "నాయనా" అని.

నాయన లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో నడిచి వెళ్ళిపోయాడు.

బస్సెక్కి కర్నూలు వెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించారు. పుట్టుకతోనే వినికిడి లేదని, మందు లేదని, వినపడని పిల్లకు మాట రాదని ఆయన నెమ్మదిగానే చెప్పాడట. తిరిగి వచ్చాక నాయన దుకాణం నుంచి మిరపకాయ తేవడం మానేశాడు. చెల్లెల్ని ఒళ్ళోకి తీసుకోవడం మానేశాడు. ప్రేమ లేక కాదు. ఆ పిల్ల కళ్ళలోకి చూస్తే ఆయనకు తట్టుకోవడం చేతకాలేదు. చిలుకకు ఇవేమీ తెలియవు గదా. ఆయన గడప దాటిన ప్రతిసారీ ఆయన గొంతుతోనే పిలిచేది. నాయనా, నాయనా, నాయనా. పదిహేను రోజులు ఆయన పళ్ళు బిగపట్టి విన్నాడు. పదహారో రోజు, సంతకు వచ్చే గొర్రెల కాపరితో దాన్ని అడవిలో వదిలిపెట్టి రమ్మని చెప్పానన్నాడు.

"చేతి మీద పెరిగింది తమ్ముడా. అడవిలో నాలుగు దినాలు బతకదు" అంది అత్త.

"బతక్కుంటే పోనీ."

"అది పోతే ఈ ఇంట్లో బిడ్డకు మాట్లాడేదానికి ఎవరూ ఉండరు."

"మాట్లాడేదానికా?" అన్నాడు నాయన. "మాటే లేదు గదక్కా దానికి."

ఆ ఇంట్లో నాయన మాట చివరిమాట. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. నేను తిండి మానేశాను, ఎవరూ గమనించలేదు. చెల్లెలికి చెప్పే దారి ఎవరికీ తెలియలేదు. ఆ చిలుక కళ్ళే ఆ పిల్లకు చెవులు. దాన్ని తీసుకుపోతే వాకిట్లో ఎవరొచ్చారో, వెనక ఏం పడిందో, ఎటు తిరగాలో ఇక ఆమెకు తెలియదు. నాకు పదకొండేళ్ళు. అంత మాత్రం నాకు అర్థమైంది.

సంతరోజు పొద్దున్నే గొర్రెల కాపరి వచ్చాడు. పని దగ్గరుండి చేయించాలని నాయన దుకాణానికి వెళ్ళలేదు. అత్త పంజరం తలుపు తీసే ఉంచింది. చిలుక ఎగిరి మిద్దె అంచు మీద కూర్చుంది. నాయన పండుమిరప చూపించి పిలిచాడు. రాలేదు. కాపరి నాలుకతో టక్‌టక్‌మన్నాడు. అది మెడ తిప్పి ఆయన్ను చూసి తన ఈకలు దువ్వుకుంది.

"నువ్వు పిలువక్కా" అన్నాడు నాయన.

"నేను పిలవను. నాకు దాన్ని పంపే ఉద్దేశం లేదు" అంది అత్త. లోపలికి వెళ్ళి చెల్లెల్ని తెచ్చి వాకిట్లో నిలబెట్టి, తను వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చుంది. కావాలని చేసిందని నాకు తర్వాత అర్థమైంది.

చెల్లెలు తలెత్తి చూసింది. అరచెయ్యి బోర్లా చాపింది. చిలుక మిద్దె అంచు వదిలి, వాకిలంతా ఒక చుట్టు చుట్టి, ఆ చిన్న చేతి మీద వాలింది. ఆ బరువుకు చెయ్యి కొంచెం కిందికి వంగింది. చెల్లెలు రెండో చెయ్యి పిడికిలి బిగించింది. చిలుక కదలకుండా నిలబడింది. రెక్కలు అంత బారున ఉండి, పైన ఆకాశం అంత ఉండి, నిలబడింది.

అప్పుడు చెల్లెలు కాపరి వైపు చూసింది. ఆయన అంతదూరం ఎండలో నడిచి వచ్చాడు, తలగుడ్డతో మొహం తుడుచుకుంటున్నాడు. ఆమె బొటనవేలు పెదవికి ఆనించి, ఆయన వైపు గడ్డం ఎగరేసింది. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"కావాల తల్లీ" అని తల ఊపాడు. నాయన వైపు తిరిగి, "పాప అడుగుతాందన్నా, నీళ్ళు కావాల్నా అని" అన్నాడు.

చెల్లెలు చిలుకను భుజం మీదికి ఎక్కించుకుని లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. కాపరి తాగాడు. ఏమనుకున్నాడో ఏమో, "సంతకు టైమైతాంది, నేను మళ్ళొస్తాలే" అని ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు.

నాయన అరుగు మీద అత్త పక్కన కూర్చున్నాడు.

"ఇదంతా ఎప్పుడు నేర్పినావక్కా?"

"నేను బిడ్డకేం నేర్పలే. చిలకకు నేర్పినా. అది చూసి నేర్చుకునింది. నేర్చుకుని ఊరుకుందా, సొంతంగా ఇంకా ఎన్నో కల్పించుకునింది. మీ ఆడదానికొకటి, దీనికొకటి, నాకొకటి" అని అత్త నన్నూ చూపించింది.

"నన్నేమంటది?"

"రోజూ అంటానే ఉంది గదా. నువ్వే చూడలే."

నాయనకు అర్థం కాలేదు. అత్త చెల్లెల్ని దగ్గరికి పిలిచి, వేలితో నాయనను చూపించి, కనుబొమ్మలు ఎగరేసింది. చెల్లెలు రెండు చేతులూ ఎదురుగా చాచి, ఒకటి పైకి ఒకటి కిందికి, కొంచెం కొంచెంగా ఆడించి, రెండూ సమానం చేసి ఆపింది. తక్కెడ. ప్రతి సాయంత్రం ఆయన గడపలోకి రాగానే ఆమె ఎదురు పరుగెత్తి చేసేది అదే. దుకాణం ఆట ఆడుకుంటోందని నాయన నవ్వేవాడు, మేమూ నవ్వేవాళ్ళం. కర్నూలు నుంచి వచ్చాక కూడా, ఆయన మొహం తిప్పుకుని పోయినా, ఆమె మానలేదు.

నాయన పెద్దగా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. చెల్లెలు ఒకసారి ఆయన్ను, ఒకసారి నన్ను చూసి, మళ్ళీ తక్కెడ ఆడించింది. ఈసారి ఆయన తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"మరి మనం ఆ బిడ్డను ఏమని పిలుస్తాం?" అని అడిగాడు అత్తను.

"చెయ్యి ఊపి పిలుస్తాండాం. పేరంటూ ఎవరం పెట్టలే" అంది అత్త. "నువ్వు పెట్టు. నాయనవు గదా."

చెల్లెలి ఎడమ చెక్కిలి మీద ఒక సొట్ట పడేది, నవ్వినప్పుడు. నాయన కళ్ళు తుడుచుకుని, తన ఎడమ చెక్కిలి మీద చూపుడువేలు ఆనించి, ఆ వేలితోనే ఆమెను చూపించాడు. మళ్ళీ చేశాడు. మూడోసారికి చెల్లెలు తన వేలు తీసి తన చెక్కిలి మీద పెట్టుకుంది. తననే అన్నట్టు గుండె మీద తట్టుకుంది. అవునన్నాడు నాయన.

ఆ పూట దుకాణం తీయలేదు. మధ్యాహ్నం దాకా మా నాయన అరుగు మీద కూర్చుని, అయిదేళ్ళుగా ఇంట్లోనే ఉన్న కూతుర్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. పిలిచిన ప్రతిసారీ ఆమె పలికింది.